రోటరీ కారుని రేసుకి దించాలంటే: విశాఖ ఉప్పుగాలిలో ఏది ఎంచుకోవాలి, ఏది వదిలేయాలి

వైజాగ్‌లో మజ్దా అంటే ఒకప్పుడు అందరికీ గుర్తొచ్చేది స్వరాజ్ మజ్దా లారీయే. అదే పేరున్న రెండు సీట్ల కారు, ఆర్ఎక్స్-7, గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు దిగిన రోజు, పక్క షెడ్డు ఫిట్టరు బానెట్ ఎత్తించి తొంగిచూశాడు. ఎయిర్ క్లీనర్ కింద, కార్బురేటర్ కింద, ఎక్కడో వెనక గోడ దగ్గర చిన్న ఇనప ముద్ద కనిపించింది. "ఏటి సారూ, ఇంజన్ తీసీసినారా?" అన్నాడు. అదే ఇంజన్ అంటే నమ్మలేదు. "మరి దీనికి వాల్వులు నేవా?"

నేవు. పిస్టన్లూ లేవు, కనెక్టింగ్ రాడ్లూ లేవు, క్యామ్ షాఫ్టూ లేదు. ఉన్నవల్లా బొద్దుగా ఉబ్బిన సమోసాల్లాంటి రెండు రోటర్లు, అవి తిరగడానికి నడుం దగ్గర కాస్త నొక్కిన గుడ్డు ఆకారంలో రెండు గదులు, మధ్యలో ఒక షాఫ్టు. తిరగలిలాగా అంతా ఒకే వైపు తిరుగుతుంది, అందుకే రోటరీ ఇంజన్ అని పేరు. రోటర్ ఒక చుట్టు పూర్తిచేసేలోపు షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. 1991లో ఇలాంటివే నాలుగు రోటర్లు వరసగా పేర్చిన మజ్దా 787బి కారు ఫ్రాన్స్‌లో లె మాన్ 24 గంటల రేసు గెలిచింది. అంతకు పదేళ్ళ ముందు, 1981లో, మన కథలోని ఆర్ఎక్స్-7 బెల్జియంలోని స్పా ట్రాక్ మీద 24 గంటల రేసు గెలిచింది. కాబట్టి ఇది రేసుకి పనికొస్తుందా అని అడగక్కర్లేదు. మన దగ్గర, మన చేతుల్లో నిలుస్తుందా అనే అడగాలి.

నేను ముప్పై ఏళ్ళు ఓడల డీజిల్ ఇంజన్ల మధ్య గడిపినవాణ్ణి. మా దగ్గరున్నది 1984 ఆర్ఎక్స్-7, 12ఏ ఇంజన్. అప్పట్లో సింగపూర్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన తెచ్చుకుని, ఏళ్ళ తరబడి వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో షెడ్డులో పెట్టేసిన బండి. మా మేనల్లుడూ నేనూ కలిసి లేపాం. చెన్నై ట్రాక్ మీద తిప్పుతున్నాం. ఇలాంటి బండి చేతికొచ్చిన కుర్రాళ్ళు ఇక్కడ ఒకరిద్దరు, ఆక్లండ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి పాత రోటరీ కొందామనుకునే మనవాళ్ళు కొందరు, ఏది మంచిదని అడుగుతూ ఉంటారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో ఈ ఇంజన్‌కి పిచ్చి అభిమానులున్నారు, విడిభాగాలున్నాయి, చేసేవాళ్ళున్నారు. అక్కడివాళ్ళకి నేను చెప్పేది సగమే వర్తిస్తుంది. విశాఖలో ఉండేవాళ్ళకి మొత్తం.

నా ఎంపిక ముందే చెప్పేస్తాను: గాలి వచ్చే కంతలు స్టాక్ (కంపెనీ ఇచ్చినట్టే) లేదా మోస్తరు స్ట్రీట్ పోర్ట్ (కంతని కాస్త పెంచడం), కార్బురేటర్, పెట్రోల్లో కలిపే ఆయిల్, ముందు వైపు గాలికి పెట్టిన పెద్ద ఆయిల్ కూలర్, మజ్దా వారి అసలు సీల్స్ (రోటర్ చుట్టూ గాలి కారకుండా ఆపే పట్టీలు). హార్స్‌పవర్ చూసి ఎంచుకున్నవి కావివి. రెండు ఈవెంట్ల మధ్య ఇంజన్ విప్పి, చూసి, మనమే మూసేయగలమా అన్నదే నేను పెట్టుకున్న లెక్క. మా వాడు ఈ లెక్క ఒప్పుకోడానికి ఏడాది పట్టింది.

ఏ కారు, ఏ ఇంజన్

ఇది త్వరగా తేల్చేద్దాం, ఎందుకంటే ఇక్కడ మనకి ఎంచుకునే వీలు తక్కువ. ఆర్ఎక్స్-7ని మన దేశంలో కంపెనీ ఎప్పుడూ అమ్మలేదు. మూడేళ్ళు దాటిన ఇలాంటి పాత కారుని మామూలు మనిషి దిగుమతి చేసుకోడానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి ఇప్పటికే దేశంలో ఉన్న బండి దొరికితే దొరికినట్టు. ముందు ఆర్‌సీ కాగితాలు, ఛాసిస్ నంబరు సరిపోయాయో లేదో చూసుకోండి. ఇంజన్ తర్వాత.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి మాత్రం సంబంధాలు చాలా వస్తాయి. 1978 నుంచి 85 దాకా వచ్చిన మొదటి తరం తేలిక బండి, సుమారు టన్ను పైన కాస్త. ఇంజన్ ముందు ఇరుసుకి వెనక కూర్చుంటుంది కాబట్టి బరువు ముందూ వెనకా దాదాపు సమంగా పడుతుంది. రేసు నేర్చుకోడానికి ఇంతకంటే ఓపికైన గురువు లేడు. తర్వాతి తరం ఎఫ్‌సీ బరువెక్కింది, సస్పెన్షన్ మెరుగైంది. 2002 దాకా వచ్చిన మూడో తరం ఎఫ్‌డీ అందగత్తె, కానీ ఒకదాని తర్వాత ఒకటి పనిచేసే జంట టర్బోలూ, వాటికి అల్లుకున్న వ్యాక్యూమ్ గొట్టాలూ చూస్తే నూడుల్స్ ప్లేటు గుర్తొస్తుంది. మొదటి రేసు బండిగా దాని జోలికి వెళ్ళొద్దు.

ఇంజన్ల విషయానికొస్తే, 12ఏ అంటే 1146 సీసీ, రోటర్ మందం 70 మిల్లీమీటర్లు. 13బి అంటే 1308 సీసీ, 80 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్ల తేడా. అమెరికా లెక్కలో స్టాక్ 12ఏ 100 హార్స్‌పవర్, 1984లో ఇంజెక్షన్‌తో వచ్చిన 13బి 135. అయినా, ఉన్న 12ఏ ఆరోగ్యంగా ఉంటే దాన్ని మార్చకండి. హౌసింగ్ (రోటర్ తిరిగే గది గోడ) పాడైతే మాత్రం 13బికి వెళ్ళండి. 12ఏ హౌసింగులు కొత్తవి దొరకడం గగనం, 13బి భాగాల దారి ఇంకా తెరిచే ఉంది. మరొక మాట: చాలా పోటీల్లో రోటరీ సీసీని ఒక గుణకంతో పెంచి లెక్కేస్తారు. మీ 1146 సీసీ కాగితం మీద రెండు లీటర్ల బళ్ళ పక్కన నిలబడొచ్చు. ఏ క్లాసులో వేస్తారో నిర్వాహకుల్ని ముందే అడగండి.

కొనేముందు చెవిపెట్టి వినండి

రోటరీని చూసి కొనకూడదు, విని కొనాలి. ఇంజన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు పెట్రోల్ పంపు ఆపి, కింది ప్లగ్గు, అంటే లీడింగ్ ప్లగ్గు ఒకటి తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టించండి. ఆ కంతలోంచి ఫుస్-ఫుస్-ఫుస్ అని మూడేసి ఊదులు వినపడతాయి, రోటర్ మూడు ముఖాలకీ మూడు. మూడూ సమానంగా ఉండాలి. ఫుస్-ఫుస్-తుస్ అంటే ఒక ముఖం బలహీనం, ఎక్కువసార్లు సైడ్ సీల్ (రోటర్ పక్కల ఉండే సన్న పట్టీ) తప్పు. వరసగా రెండు బలహీనంగా వస్తే అనుమానం రోటర్ కొనల దగ్గరుండే అపెక్స్ సీల్ మీద. ఒక అపెక్స్ సీల్ రెండు గదుల మధ్య గోడ కదా, అది పోతే రెండు ఇళ్ళూ కారతాయి.

గేజ్‌తో చూడాలనుకుంటే మామూలు కంప్రెషన్ గేజ్ చివర ఉండే చిన్న వాల్వు పిన్ తీసేయండి. అప్పుడు ముల్లు ఒక చోట ఆగకుండా మూడుసార్లు ఎగురుతుంది. 100 పీఎస్ఐ పైన ఎగిరితే హాయిగా కొనుక్కోవచ్చు. 85 కన్నా తగ్గితే అది నడుస్తున్న ఇంజన్ కాదు, రీబిల్డ్‌కి ఎదురుచూస్తున్న ఇంజన్. ధర కూడా ఆ లెక్కలోనే మాట్లాడండి.

విప్పిన హౌసింగ్ మీ ముందుకొస్తే లోపలి క్రోమ్ మీద గోరు పెట్టి మెల్లగా లాగండి. స్పార్క్ ప్లగ్గు కంతల చుట్టుపక్కల పెచ్చులూడి ఉంటే గోరు టక్కున తగులుతుంది. మొదటి తరం ఇంజనీర్లని ఏడిపించిన అలల గుర్తులు కూడా ఇక్కడే పడేవి. హిరోషిమాలో వాటికి దెయ్యం గోళ్ళ గీతలని పేరు పెట్టుకున్నారు. క్రోమ్ పెచ్చులూడిన హౌసింగ్‌ని మన లేత్ మీద బాగుచేసేది లేదు. "పూత పూయించీగలం సారూ" అని ఎవరన్నా అంటే దండం పెట్టి బయటికి రండి.

పోర్టింగ్: మా ఇంట్లో జరిగిన గొడవ

రోటరీలో వాల్వులు లేవు కాబట్టి గాలి ఎప్పుడు లోపలికి రావాలో, పొగ ఎప్పుడు బయటికి పోవాలో గోడకున్న కంతల ఆకారమే నిర్ణయిస్తుంది. కంత పెంచితే క్యామ్ మార్చినట్టే. పిస్టన్ ఇంజన్లో లక్షలు పోసే పని ఇక్కడ చిన్న గ్రైండరుతో అవుతుంది. అందుకే అందరికీ చెయ్యి దురద.

నాలుగు దారులున్నాయి. కంపెనీ కంతని ముట్టుకోకుండా వదిలేయడం మొదటిది. కంత అంచుల్ని అన్ని వైపులా కొంచెం పెంచి, ముందుగా తెరుచుకుని ఆలస్యంగా మూసుకునేట్టు చేసేది స్ట్రీట్ పోర్ట్. ఉన్న కంత పైన కనుబొమ్మలాంటి మరో కంత తొలిచి, రెంటి మధ్య సన్నటి ఇనప వంతెన వదిలేది బ్రిడ్జ్ పోర్ట్. ఆ వంతెన మీదుగానే కార్నర్ సీల్ (రోటర్ మూలలో ఉండే చిన్న బిళ్ళ) దాటి వెళ్ళాలి. పక్క గోడని వదిలేసి, రోటర్ తిరిగే హౌసింగ్‌లోకే నేరుగా గొట్టం దింపేది పెరిఫెరల్ పోర్ట్.

మా వాడికి బ్రిడ్జ్ పోర్ట్ కావాలి. కారణం అడిగితే హార్స్‌పవర్ అన్నాడు గానీ అసలు కారణం ఆ శబ్దం. ఐడిల్‌లో బ్రాప్... బ్రాప్... బ్రాప్ అని గుర్రం సకిలించి ఆగినట్టు ఉంటుంది. "మావయ్యా, ఒక్కసారి విను" అంటూ ఫోన్‌లో ఆ శబ్దమే పెట్టేవాడు, నేను అన్నం తింటున్నప్పుడు కూడా. వినడానికి బాగుంటుంది, కాదనను.

కానీ ఆ శబ్దం ఎందుకొస్తుందో చూడండి. లోపలికొచ్చే కంత, బయటికి పోయే కంత రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు కాలిన పొగ వెనక్కొచ్చి కొత్త గాలిలో కలుస్తుంది. ఒక చుట్టు అంటుకుంటుంది, ఒక చుట్టు అంటుకోదు. అదే ఆ బ్రాప్. 13బి మీద చేసిన పెరిఫెరల్ పోర్ట్ ఇంజన్ టర్బో లేకుండానే 300 హార్స్‌పవర్ దరిదాపుల్లోకి వెళ్తుంది, నిజమే. అయితే ఆ బలమంతా ఎనిమిది, తొమ్మిది వేల ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. కంపెనీ 7000 దగ్గర ఎర్రగీత గీసి, దాటబోతుంటే బజరు మోగించే బండి ఇది. దాన్ని 9000 తిప్పాలంటే రోటర్లు బ్యాలెన్స్ చేయించాలి, వాటి పక్కల సందులు పెంచాలి, ఆయిల్ ప్రెషర్ పెంచాలి, స్టేషనరీ గేర్లు గట్టివి వేయాలి, నీళ్ళ పంపు పుల్లీ పెద్దది పెట్టాలి, లేకపోతే అంత వేగంలో పంపు నీళ్ళు తోయకుండా బుడగలు చిలుకుతుంది. కంత పెంచడం ఒక పూట పని. మిగతాదంతా ఏడాది పని.

ఇంకొకటి, బ్రిడ్జ్ తొలిచేటప్పుడు కనుబొమ్మ కంత నీళ్ళ సీల్ గాడికి చాలా దగ్గరగా వెళ్తుంది. వంతెన పగిలితే ఆ ముక్క వెళ్ళేది రోటర్ కిందికే. తర్వాత మిగిలేది హౌసింగ్ కాదు, తుక్కు. ఆక్లండ్‌లో ఉన్నవాడికి అది ఒక వారం బాధ. గాజువాకలో ఉన్నవాడికి ఒక సీజను.

స్ట్రీట్ పోర్ట్ దగ్గర మేమిద్దరం రాజీపడ్డాం. ఐరన్ ప్లేటు మీద మార్కింగ్ బ్లూ పూసి, రోటర్ పెట్టి తిప్పి, సైడ్ సీల్, కార్నర్ సీల్ ఎక్కడెక్కడ నడుస్తాయో సూదితో గీశాం. ఆ గీతలు దాటకుండా ఎంత వీలైతే అంత. కార్నర్ సీల్‌కి ఏ క్షణంలోనైనా కింద ఆసరా ఉండాలి, సైడ్ సీల్ కంతలోకి జారకూడదు. ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు. చివర్లో అంచుని నూనె రాయితో కొద్దిగా గుండ్రం చేయాలి, పదునుగా వదిలితే సీల్‌ని రంపంలా కోస్తుంది. మా వాడు రెండు ప్లేట్లకి మూడు రోజులు తీసుకున్నాడు. నేను పక్కన కుర్చీలో కూచుని "చాల్లేరా" అంటూ ఉన్నాను. నా సలహాలో పనికొచ్చింది అదొక్కటే.

వేడి: డబ్బు మొదట ఖర్చుపెట్టాల్సింది ఇక్కడ

రోటరీని చంపేది వేగం కాదు, వేడి. ఈ ఇంజన్ ఒక శాండ్‌విచ్: ఇనప ప్లేటు, అల్యూమినియం హౌసింగ్, ఇనప ప్లేటు, అల్యూమినియం, మళ్ళీ ఇనుము, అన్నిటినీ కలిపి బిగించే 18 పొడుగాటి బోల్టులు. ఇనుమూ అల్యూమినియమూ ఒకేలా వ్యాకోచించవు. మధ్యలో ఉన్న రబ్బరు నీళ్ళ సీల్ ఆ తగువు భరిస్తూ ఉంటుంది. ఒక్కసారి గట్టిగా వేడెక్కిందా, ఆ సీల్ నలిగిపోతుంది. పిస్టన్ బండికి హెడ్ గాస్కెట్ మార్చినట్టు పైనుంచి మార్చే వీల్లేదు, ఇంజన్ మొత్తం దించి విప్పాల్సిందే.

ఇది నాకు పుస్తకం చెప్పలేదు. బండి లేచిన కొత్తలో రేడియేటర్ శుభ్రం చేయడానికి ఇస్తే ఒక మెకానిక్ థర్మోస్టాట్ తీసి పక్కన పడేశాడు. "మన ఎండలకి ఇదెందుకు సారూ, తీసీస్తే నీళ్ళు ఫ్రీగా తిరుగుతాయి." నేనూ సరే అన్నాను, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కదా! మర్నాడు భీమిలి రోడ్డెక్కాం. రుషికొండ దాటేసరికి ముల్లు లేవడం మొదలైంది, తొట్లకొండ దగ్గరకొచ్చేసరికి ఎర్రలో ఉంది. రేడియేటర్ కింది గొట్టం పట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు.

సంగతేమిటంటే, ఈ ఇంజన్ థర్మోస్టాట్‌కి అడుగున ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ఆ బిళ్ళ కిందికి దిగి బైపాస్ కంతని మూస్తుంది, అప్పుడే నీళ్ళన్నీ రేడియేటర్ వైపు వెళ్తాయి. థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళు అడ్డదారిన మళ్ళీ ఇంజన్లోకే. లారీకి పనికొచ్చే చిట్కా దీనికి ఉరితాడు. వారం తిరక్కుండా పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్ల పొగ, తియ్యటి వాసన, రేడియేటర్ మూత తీస్తే సోడాలా బుడగలు. నీళ్ళ సీల్ పోయింది. నా మొదటి రీబిల్డ్ అలా నేర్చుకున్నాను. కాబట్టి థర్మోస్టాట్ ఉండాలి, అదీ అడుగున బిళ్ళ ఉన్న రకమే. రేసు కోసం తీయాలనుకుంటే బైపాస్ కంతని మూసి, నీళ్ళ వేగం తగ్గించే రింగు పెట్టాలి.

రెండో ఎంపిక ఆయిల్ కూలర్. ఇంజన్ బయటికి నెట్టే వేడిలో దాదాపు మూడో వంతు ఆయిల్ మోస్తుంది, రోటర్ కడుపులో తిరిగి చల్లబరిచేది ఆయిలే కాబట్టి. మొదటి బళ్ళకి రేడియేటర్ కింద గాలికి పెద్ద ఆయిల్ కూలర్ ఉండేది. 1983 నుంచి చాలా 12ఏ బళ్ళకి దాన్ని తీసి, ఫిల్టర్ దగ్గర తేనెతుట్టె ఆకారంలో చిన్న డబ్బా పెట్టారు. అందులో నీళ్ళతో ఆయిల్‌ని చల్లబరుస్తారు. ఆఫీసుకి వెళ్ళొచ్చే బండికి పర్వాలేదు. ట్రాక్ మీద నీళ్ళూ ఆయిలూ ఒకదాన్నొకటి పట్టుకుని మునుగుతాయి. ఆ డబ్బాని తీసేయండి, ఇందులో రెండో మాట లేదు. పాత మోడల్ కంపెనీ కూలర్ దొరికితే అదే తీసుకోండి, బయట దొరికే రంగురంగుల కూలర్లలో సగం కంటే అది పెద్దది. దానికి గొట్టాలు విదేశాల నుంచి తెప్పించక్కర్లేదు. పోర్టు క్రేన్లకీ జేసీబీలకీ హైడ్రాలిక్ గొట్టాలు క్రింప్ చేసే షాపుల్లో చేయించుకోవచ్చు. ఆయిల్ వేడికి తట్టుకునే గొట్టమా అని అడిగి, దాని మీద అచ్చేసిన ఉష్ణోగ్రత మీరే చదవండి.

రేడియేటర్లో బోరు నీళ్ళు పోయొద్దు. మన బోర్లలో ఉప్పు అల్యూమినియంని సీల్ గాడి దగ్గరే తింటుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి వాడండి. కొన్ని ట్రాకులు గ్లైకాల్ ఉన్న కూలెంట్ ఒప్పుకోవు, కారితే రోడ్డు జారుతుందని. అప్పుడు డిస్టిల్డ్ వాటర్లో తుప్పు పట్టనివ్వని మందు ఒక్కటే. నా సొంత నియమం: నీళ్ళు 100 డిగ్రీలు దాటితే వేగం తగ్గించాలి, 110 అయితే పిట్‌లోకి వచ్చేయాలి, ఎంత మంచి ల్యాప్ అయినా సరే. కంపెనీ ఇచ్చిన ముల్లుని నమ్మకుండా నీళ్ళకీ ఆయిల్‌కీ విడిగా అంకెలున్న గేజులు పెట్టండి.

పెట్రోల్లో ఆయిల్: మనకి తెలిసిన విద్యే

అపెక్స్ సీల్స్ గోడకి రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి వాటికి కొద్దిగా నూనె అందాలి. కంపెనీ దీనికి ఒక చిన్న మీటరింగ్ పంపు పెట్టింది, అది ఇంజన్ ఆయిల్‌నే చుక్కచుక్కగా కార్బురేటర్లోకి పంపుతుంది. నలభై ఏళ్ళ బండిలో ఆ పంపు గొట్టాలు ఎండిపోయి పటుక్కుమంటాయి. పైగా ఇంజన్ ఆయిల్ శుభ్రంగా కాలదు, మసి మిగులుస్తుంది.

రెండో దారి పెట్రోల్లోనే టూటీ ఆయిల్, అంటే టూ-స్ట్రోక్ బళ్ళ ఆయిల్, కలపడం. బజాజ్ చేతక్ నడిపిన తరానికి దీని గురించి నేను పాఠం చెప్పక్కర్లేదు. అప్పట్లో లీటరుకి 20 మిల్లీలీటర్లు పోసేవాళ్ళం. రోటరీకి అందులో సగం, రేసుకి లీటరుకి పది మిల్లీలీటర్లు. మీటరింగ్ పంపు ఉంచుకుని ఊళ్ళో కూడా తిప్పే బండికి ఐదు చాలు. పూర్తిగా రేసు బండి అయితే పంపు మూసేసి పది పోయండి. నేను ఈ దారిలోనే ఉన్నాను. ప్రమాదం ఒక్కటే: మర్చిపోవడం. ఆ భయంతో చిన్న కొలత సీసాని ట్యాంకు మూతకే తాడుతో కట్టేశాను. బంకు కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి.

ఆయిల్ రకం విషయంలో జాసో ఎఫ్‌డీ (జపాన్ ప్రమాణం) గ్రేడు, తక్కువ బూడిద మిగిల్చేది తీసుకోండి. ఫిషింగ్ హార్బర్లో అవుట్‌బోర్డ్ మోటార్లకి వాడే టీసీ-డబ్ల్యూ3 రకంలో బూడిద ఉండదు, అత్యవసరానికి అదీ పనికొస్తుంది. రేసు వాసన కోసం ఆముదం ఆయిల్ పోస్తానంటే మాత్రం ఒప్పుకోను. అది జిగురు కట్టి సైడ్ సీల్స్‌ని గాడిలో అతికిస్తుంది. ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 ఆయిల్, ప్రతి ఈవెంట్ తర్వాత మార్పు. రోటరీలో పెట్రోల్ కిందికి దిగి ఆయిల్‌ని పల్చన చేస్తుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే మీకే తెలుస్తుంది.

సీల్స్, రీబిల్డ్

అపెక్స్ సీల్స్‌లో మజ్దా అసలు ఇనప సీల్స్, బయటి కంపెనీల స్టీలు సీల్స్, కార్బన్, సిరామిక్ అని రకాలున్నాయి. టర్బో లేని బండికి అసలువే. స్టీలు సీల్ దెబ్బ తగిలితే పగలకుండా వంగుతుంది, టర్బో వాళ్ళకి అది వరం, కానీ క్రోమ్‌ని ఎక్కువ అరగదీస్తుంది. మనకి సీల్ కన్నా హౌసింగ్ ఖరీదు. కార్బన్ మెత్తన, తరచూ మార్చాలి. సిరామిక్ 787బి వాడింది. మనకెందుకు?

రీబిల్డ్ బయటికి పంపాలా, ఇక్కడే చేయాలా? మొదటిసారి తెలిసినవాళ్ళ పక్కన కూచుని చేయండి, రెండోసారి నుంచి ఇక్కడే. పిస్టన్ ఇంజన్ కంటే భాగాలు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. 12ఏలో కొత్త అపెక్స్ సీల్ ఎత్తు 8.5 మిల్లీమీటర్లు, 7కి వచ్చిందంటే పారేయాలి. సైడ్ సీల్‌కీ కార్నర్ సీల్‌కీ మధ్య సందు 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్లు ఉండాలి. కొత్త సైడ్ సీల్ పొడుగ్గా వస్తుంది, సన్న నూనె రాయి మీద ఒక్కో రుద్దు రుద్దుతూ, ఫీలర్ గేజ్‌తో చూస్తూ పన్నెండింటినీ విడివిడిగా సరిచేయాలి. ఏది ఏ గాడిదో డబ్బాల మీద రాసుకోండి. బోల్టులు వరస ప్రకారం 3.2 నుంచి 3.8 కిలోగ్రామ్-మీటర్ల టార్కు (బిగించే బలం). చివర్లో డయల్ గేజ్ పెట్టి షాఫ్టుని ముందుకీ వెనక్కీ తోస్తే 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్లు కదలాలి.

మమ్మల్ని ఆపేసింది ఇవేవీ కాదు, ఫ్లైవీల్ నట్టు. 54 మిల్లీమీటర్లది, 40 నుంచి 50 కిలోగ్రామ్-మీటర్ల టార్కుతో బిగించి ఉంటుంది. ఆ సైజు సాకెట్ కార్ల షెడ్లలో లేదు. చివరికి ఓడల రిపేర్లు చేసే షాపులో దొరికింది. ఆరడుగుల పైపు తగిలించి ఇద్దరం వేలాడితే తుపాకీ పేలినట్టు శబ్దంతో వదిలింది. పక్క షెడ్డు ఫిట్టరు పరుగెత్తుకొచ్చాడు.

కార్బురేటరా, ఇంజెక్షనా

బాగా ట్యూన్ చేసే మనిషి అందుబాటులో ఉంటే ఇంజెక్షన్ మంచిదే. లేకపోతే కార్బురేటర్. ల్యాప్‌టాప్ తెలిసినవాడు హైదరాబాద్‌లో ఉండి, బండి ఇక్కడుంటే ప్రతి చిన్నదానికీ ఫోన్లే. కార్బురేటర్ జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే చిన్న కంత బిళ్ళలు) అయితే మీ జేబులో ఉంటాయి. మా బండికి నాలుగు గొంతుల కంపెనీ కార్బురేటరే ఉంచి, జెట్లు మార్చాం. ఎందుకంటే బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి పెట్రోల్ సుమారు 8 శాతం ఎక్కువ కావాలి. జెట్ వ్యాసంలో చూస్తే 4 శాతం. మార్చకపోతే బండి పల్చగా కాలి, సీల్స్ మీద దెబ్బ పడుతుంది. పాత రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయండి. మన తేమకి ట్యాంకులో నీళ్ళు చేరతాయి కాబట్టి నెల దాటిన పెట్రోల్ వాడొద్దు. 100 ఆక్టేన్ పెట్రోల్ టర్బో లేని రోటరీకి వృథా.

ఇగ్నిషన్లో రోటర్‌కి రెండు ప్లగ్గులు. పై ప్లగ్గు పోయినా బండి లాక్కొస్తుంది, కింది ప్లగ్గు పోతే బలం బాగా పడిపోతుంది. అందుకే మంచి కాయిల్ కింది ప్లగ్గులకి. సైలెన్సర్ పొగ మహా వేడి, పెట్రోల్ గొట్టాలూ బ్రేకు గొట్టాలూ దూరంగా జరపండి, వీలు కాకపోతే మధ్యలో రేకు వేయండి. రోల్ కేజ్ (బండి లోపల రక్షణకి పెట్టే గొట్టాల చట్రం), మంటలార్పే సిలిండరు, హెల్మెట్ విషయంలో పోలిక ఏమీ లేదు, మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ నిబంధన ఏది చెప్తే అదే.

చెన్నై దారి, తర్వాత షెడ్డు

మనకి దగ్గర్లో ఉన్న అసలైన సర్క్యూట్ శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ట్రాక్, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ఇక్కడి నుంచి ఎన్‌హెచ్-16 మీద దాదాపు 800 కిలోమీటర్లు. నడిపి తీసుకెళ్ళాలా, ట్రైలర్ మీదా? నడిపితే సరదా అని మొదటిసారి అనుకున్నాం. తుని దాటకముందే సరదా తీరింది, లోపల శబ్దానికి మాట వినపడదు. ట్రైలరే. అన్నిటికన్నా ముఖ్యం, ట్రాక్ మీద ఏదైనా పోయినా బండి ఇంటికి వస్తుంది. పైన వేసే టార్పాలిన్ బాడీకి తగలకుండా కట్టండి, గాలికి కొట్టుకుని రంగు చెక్కేస్తుంది.

తిరిగొచ్చాక మా వీధిలో అందరూ ఇచ్చే సలహా, "వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపండి, బ్యాటరీ బాగుంటుంది." రోటరీకి ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. చల్లగా ఉండగా స్టార్ట్ చేసి వెంటనే ఆపితే లోపల పెట్రోల్ నిండి, మళ్ళీ లేవదు. అలా జరిగితే పంపు ఫ్యూజు తీసి, ప్లగ్గులు విప్పి, ఖాళీగా సెల్ఫ్ కొట్టించి, కంతల్లో కాస్త ఆయిల్ పోసి, ప్లగ్గులు ఆరబెట్టి మళ్ళీ మొదలుపెట్టాలి. కాబట్టి రెండే దారులు: పూర్తిగా వేడెక్కేదాకా నడపడం, లేదా అసలు స్టార్ట్ చేయకపోవడం. వానాకాలంలో నేను రెండోదే ఎంచుకుంటాను. బ్యాటరీ తీసేసి, కంతల్లో రెండు చెంచాల టూటీ ఆయిల్ పోసి, వారానికోసారి ముందు పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో తిప్పుతాను. ఫుస్, ఫుస్, ఫుస్. మూడూ సమానంగా వినపడితే ప్లగ్గు కంతల్లో గుడ్డ దూర్చి, వెనక చక్రాల పైన తుప్పు మొదలైందేమో వేలితో తడిమి చూసి, షెడ్డు తలుపు దించేస్తాను.